కొట్టు వాళ్ళు, షిఫ్టు వాళ్ళు

మా ఆయన ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరిన మొదటి రోజే మధ్యాహ్నం భోజనాల వేళకి ఇంటికొచ్చేశాడు. నేను పరుగున వెళ్ళి తలుపు తీశాను. దెబ్బేమైనా తగిలిందేమోనని ముందు చేతులూ, తరవాత వేళ్ళూ చూశాను. అన్నీ ఉన్నాయి. పైగా మొహం వెలిగిపోతోంది. ఏమైందండీ అని అడిగితే, "ఏమవుతుంది? పనైపోయింది, వచ్చేశాను" అన్నాడు బూట్లు విప్పుకుంటూ.

అది గాజు సీసాలు తయారుచేసే ఫ్యాక్టరీ. మరమ్మతుల విభాగంలో ఆయనకి పొద్దున్నే కొన్ని పనులు అప్పజెప్పారు. ఒక బల్ల సొరుగు ఇరుక్కుపోయింది, ఒక తలుపు కిందికి దిగి నేలకి రాసుకుంటోంది, సామాన్ల గది తాళం తిరగడం లేదు. సాయంత్రం దాకా సరిపోతాయని వాళ్ళ లెక్క. ఈయన అన్నీ గబగబా ముగించి, చేతులు కడుక్కుని, గేటు దగ్గర కాపలా అతనికి నవ్వుతూ చెయ్యూపి ఇంటిదారి పట్టాడు. ఆ నవ్వు చూసి కాపలా అతను ఎవరో పెద్ద అధికారి కాబోలనుకుని గేటు తీశాడట.

షిఫ్టు అయ్యేదాకా అక్కడే ఉండాలని నేను చెప్పాను. ఉండి ఏం చెయ్యాలని ఆయన అడిగాడు.

జవాబు సాయంత్రం మా అన్నయ్యతో పాటు వచ్చింది. అన్నయ్య ఆ ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళుగా సూపర్‌వైజరు. మా ఆయనకి ఆ ఉద్యోగం వేయించింది తనే. గుమ్మంలోకి వస్తూనే కుర్చీలో కూలబడి, మంచినీళ్ళు తాగి, చాలా నెమ్మదిగా, చిన్నపిల్లాడికి అక్షరాలు దిద్దించినట్టు చెప్పాడు. "బావా, ఇక్కడ జీతం ఇచ్చేది పని చేసినందుకు కాదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఉన్నందుకు. పనైపోతే ఉండు. పని లేకపోయినా ఉండు."

మా ఆయన తల ఊపాడు. అర్థమై ఊపింది కాదని నాకు తెలుసు.

మేమంతా ఒక్క చోటి నుంచి వచ్చినవాళ్ళమే. మా అన్నయ్యా, మా ఆయనా ఒకే బడిలో, ఒకే బెంచీ మీద చదివారు. ఇంచుమించు ఒకేసారి ఈ దేశానికి బయల్దేరారు. తేడా అల్లా, మా ఆయన రేవు పట్నంలో దిగాడు, అన్నయ్య ఇంకాస్త ముందుకెళ్ళి ఈ ఫ్యాక్టరీ ఊళ్ళో దిగాడు. అంతే. అప్పట్నించి ఇద్దరూ రెండు వేరు జాతుల మనుషులైపోయారు.

రేవు పట్నంలో మనవాళ్ళకి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. మన మాట యాస వాళ్ళకి పడదు, మన చదువు వాళ్ళ లెక్కలోకి రాదు. అందుకని అందరూ కొట్లే పెట్టుకున్నారు. బట్టలు కుట్టేవాడు, ఇస్త్రీ చేసేవాడు, ఫోన్లు బాగుచేసేవాడు, ఆఖరికి గొడుగులు బాగుచేసేవాడు కూడా. కొన్నాళ్ళు ఎవరి దగ్గరో పని నేర్చుకోవడం, తరవాత సొంతంగా షట్టరెత్తడం. ఎంతకీ షట్టరెత్తని వాణ్ణి చూసి ఆడవాళ్ళు, పాపం, వాడికింకా చెయ్యి తిరగలేదట అని జాలిపడేవారు.

ఈ ఫ్యాక్టరీ ఊళ్ళో కథ వేరు. సీసాల ఫ్యాక్టరీకి మనుషులు కావలసి వచ్చినప్పుడు మనవాళ్ళని తీసుకున్నారు. వాళ్ళు తమవాళ్ళని పిలిపించుకున్నారు. ఇప్పుడు మనవాళ్ళ ఇళ్ళన్నీ సైరను మోతకి లేస్తాయి, సైరను మోతకి అన్నాలు తింటాయి. ఇక్కడ ఎవరైనా కొట్టు పెడతానంటే, పాపం, ఉద్యోగం రాలేదేమో అంటారు. పాపం అదే, పడే మనిషే వేరు.

రేవు పట్నంలో మా ఆయనది తాళాల కొట్టు. రైల్వే స్టేషన్ మెట్ల కింద, నిలబడితే తల తగిలేంత గది. మారు తాళంచెవులు చెయ్యడం, మొరాయించిన తాళాలు తెరవడం, పాతవి పీకి కొత్తవి బిగించడం. నేను పక్కన నిలబడి టార్చి పట్టుకునేదాన్ని. తరవాత్తరవాత తాళంచెవుల అంచులు నున్నగా అరగదీయడం, పాత తాళాలు విప్పి మళ్ళీ పేర్చడం నాకూ వచ్చింది. ఎవరైనా ఇంటి బయట చిక్కుకుపోయామని కబురు చేస్తే ఆయన కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. నేను నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. కలుపుకున్న ముద్దయినా తిని వెళ్ళండి అంటే, "వాళ్ళు వానలో నిలబడ్డారే" అనేవాడు. వాన ఉన్నా లేకపోయినా అదే మాట.

ఒకసారి అన్నయ్య మమ్మల్ని చూడ్డానికి వచ్చి ఒక పూట ఆ కొట్లో కూర్చున్నాడు. మా ఆయన ఎక్కడికో తాళం బిగించడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి బయట నలుగురు నిలబడి ఉన్నారు, లోపల అన్నయ్య తాపీగా అన్నం తింటున్నాడు. భోజనం టైము కదా, అరగంట ఆగమని చెప్పానన్నాడు. ఆ మాట రేవు పట్నంలో మనవాళ్ళు చాలాకాలం చెప్పుకుని నవ్వుకున్నారు.

ఆ స్టేషన్‌ని కూలగొట్టి కొత్తది కడతామన్నారు. మెట్లతో పాటు మా కొట్టూ పోయింది. మా ఆయన కాలికి బలపం కట్టుకుని ఊరంతా తిరిగాడు. ఏ సందు చూసినా, ఏ మూల చూసినా మనవాడొకడు అప్పటికే షట్టరెత్తి ఉన్నాడు. సరిగ్గా అప్పుడే అన్నయ్య ఫోను చేసి, వచ్చెయ్యండి, ఉద్యోగం నేను చూస్తానన్నాడు.

ఆయన వద్దన్నాడు. నేనే చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. దాచడం ఎందుకు, నాకు అలుపొచ్చేసింది. ఇళ్ళు మారీ మారీ సామాను కట్టడం నా చేతులకి అలవాటైపోయింది. మా అమ్మాయి ప్రతి కొత్త బడిలోనూ మొదటి రోజు ఏడ్చుకుంటూ వచ్చేది. ఒంట్లో బాగోకపోతే గంజి కాచి ఇచ్చే దిక్కు లేదు. సాయంత్రం పూట చెప్పులేసుకుని నడుచుకుంటూ వెళ్ళి నా అనేవాళ్ళ గుమ్మం తొక్కాలని నాకు ఎంత ఆశగా ఉండేదో ఎవరికీ చెప్పుకోలేదు. అన్నయ్య ఇల్లు ఇక్కడ రెండు వీధుల అవతలే.

ఈ ఫ్యాక్టరీలో ఉద్యోగాలకి ప్రకటనలు వెయ్యరు. లోపల ఉన్నవాడు, మనవాడే, నాదీ పూచీ అని ఒక మాట అంటాడు. ఆ వచ్చినవాడు ఏడాది పాటు కుదురుగా ఉంటే పూచీ పడ్డవాడి మాటకి మళ్ళీ విలువ ఉంటుంది. మధ్యలో మానేస్తే ఆ మాట ఇక చెల్లదు. మా ఆయన తరవాత అన్నయ్య పూచీ పడాల్సింది మా వదిన తమ్ముడికి. అతను మన దేశంలో ఉన్న పని కాస్తా వదిలేసి, ఎప్పుడెప్పుడా అని కూర్చున్నాడు. అంటే మా ఆయన ఆ ఉద్యోగంలో నిలబడితేనే నాకు ఈ ఊరూ, అన్నయ్యా, వదినా మిగులుతారు. నిలబడకపోతే మిగలరు. సంగతి ఇంతే.

రెండో వారంలో మళ్ళీ గొడవైంది. ఈసారి ఆయన షిఫ్టు అయ్యేదాకా ఉన్నాడు కానీ కూర్చోలేదు. క్యాంటీన్ తలుపు ఎన్నాళ్ళనుంచో సరిగా పడటం లేదట, ఎవరూ చెప్పకుండానే విప్పి బిగించేశాడు. ఆ తలుపు బాగుచెయ్యాల్సిన మనిషి వేరే ఉన్నాడు. అతను ఆ పనిని పనిలేని రోజు కోసం దాచిపెట్టుకున్నాడు. నా పని వీడు లాక్కున్నాడని పైవాళ్ళకి చెప్పాడు. పైవాళ్ళు వచ్చి చూసేసరికి మా ఆయన ఒక బల్ల మీద గుడ్డ పరిచి, తోటివాళ్ళు ఇళ్ళ నుంచి తెచ్చిన తాళాలు వరసగా పేర్చుకుని కూర్చున్నాడు. ముందు నలుగురు నిలబడి తమ వంతు కోసం చూస్తున్నారు. అచ్చం మెట్ల కింద కొట్టే.

పైవాళ్ళు ఆయన్ని ఏమీ అనలేదు. పూచీ పడ్డ అన్నయ్యని పిలిపించి అందరి ముందూ నిలబెట్టారు. ఆ సాయంత్రం అన్నయ్య మా ఇంటికి వచ్చి టీ కూడా ముట్టుకోలేదు. వదిన నాతో వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి అంది, "మా తమ్ముడు అక్కడ పని మానుకుని దారి చూస్తున్నాడు. మీ ఆయన్ని కాస్త ఒకచోట కూర్చోమని చెప్పు."

ఆయనకి రానిది ఆ ఒక్కటే. ఇంట్లో అయినా అంతే, ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంటాడు. అన్నం తింటూ కుర్చీ కాలు ఊగుతోందని లేస్తాడు, నిద్రపోతూ కిటికీ గడియ చప్పుడు చేస్తోందని లేస్తాడు. అయినా నేను చెప్పాను. వాళ్ళు వెళ్ళాక ఆయన ఎదురుగా కూర్చుని, చెయ్యి పట్టుకుని, "ఎవరి కోసమో వద్దు, నా కోసం కూర్చోండి" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి సరే అన్నాడు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. చెప్పిన పని చేశాడు, చెప్పని పని చెయ్యలేదు. పని అయిపోతే బెంచీ మీద కూర్చుని సైరను కోసం చూశాడు. పూర్తి కాకపోయినా సైరను మోగితే చేతిలోది అక్కడే పెట్టి లేచాడు. పైవాళ్ళు మెచ్చుకున్నారట. అన్నయ్య మొహంలో కళ వచ్చింది. ఆదివారాలు బావా బావా అనుకుంటూ ఇద్దరూ సెలవుల గురించీ, ఏ షిఫ్టు మంచిదన్న దాని గురించీ మాట్లాడుకునేవారు. నేను కిటికీలకి పరదాలు కుట్టి వేలాడదీశాను. మా అమ్మాయికి స్నేహితురాళ్ళు కుదిరారు. సాయంత్రం అవగానే నేను చెప్పులేసుకుని వదిన దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. అంత సంతోషంగా నేను ఎప్పుడూ లేను.

తరవాత ఒక్కొక్కటే కంటపడటం మొదలైంది. ఇదివరకు ఆయన వీధిలో నడుస్తూ దారిలో ఉన్న ప్రతి తలుపు తాళాన్నీ చూసి, ఇది గట్టిది, ఇది ఉత్తుత్తిది అని నాకు చెప్పేవాడు. నేను విసుక్కునేదాన్ని. ఇప్పుడు కింద చూసుకుంటూ నడుస్తున్నాడు. బస్టాపు పక్కన ఒకప్పుడు గడియారాలు బాగుచేసిన గది ఖాళీగా ఉంది. వచ్చిన కొత్తలో దాని ముందు ఆగి, అద్దానికి మొహం ఆనించి లోపలికి చూసేవాడు. ఇప్పుడు దాని ముందు నుంచే వెళుతూ తల కూడా తిప్పడం లేదు. ఇంట్లో కుళాయి కారుతోందంటే ఇంటి ఓనరుకి చెప్పమన్నాడు. నేను అది విని నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

ఒక సాయంత్రం కింది వాటాలో ఉండే పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. చేతుల్లో కూరగాయల సంచులు. తాళంచెవి లోపలే మర్చిపోయి తలుపు లాగేసుకుందట. మా ఆయన తాళాల పని చేసేవాడని ఆవిడకి నేనే ఎప్పుడో చెప్పాను. ఆయన సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నాడు. ఆవిడ చెప్పిందంతా విన్నాడు. విని, ఎంతో శాంతంగా అన్నాడు.

"డ్యూటీ దిగానండీ. రేపు ఎవరినైనా పిలిపించుకోండి."

కోపంగా అని ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. విసుగ్గా అన్నా సరిపెట్టుకునేదాన్ని. ఏమీ లేదు ఆ గొంతులో. మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ మొహం చూడలేక, మంచం కింద నుంచి పనిముట్ల పెట్టె లాగి, పదండమ్మా అన్నాను.

నేను పక్కన ఉండి చూసినదాన్నే కానీ ఒక్క తాళాన్నీ తెరిచినదాన్ని కాదు. పెద్దావిడ ఫోను వెలుతురు పట్టుకుంది. నేను ఒక సన్నటి కమ్మీతో తాళాన్ని నొక్కిపట్టి, రెండోదానితో లోపల వెతుకుతూ కూర్చున్నాను. తాళం లోపలి పుల్లల్లో ఒకటి సర్దుకుంటే ఇంకొకటి జారింది. మా అమ్మాయి మెట్ల మీద నిలబడి, నాన్నని పిలవనా అమ్మా అని అడిగింది. వద్దన్నాను. పైనుంచి ఎవరైనా దిగుతున్నారేమోనని నా చెవి అటే ఉంది. ఎవరూ దిగలేదు. మోకాళ్ళు తిమ్మిరెక్కాక ఎలాగో తాళం తిరిగింది. ఆవిడ నా చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

పైకొచ్చేసరికి టీవీ ఆపేసి ఉంది. తెరుచుకుందా అని అడిగాడు. తెరుచుకుందన్నాను. నా చేతులు చూశాడు, గీరుకుపోయి ఉన్నాయి.

"అది ఎంతసేపటి పని? చిటికెలో అయిపోయేది" అన్నాడు.

"మరి లేవలేదేం?"

తన అరచేతులు చూసుకుంటూ అన్నాడు, "కూర్చోమన్నావుగా. ఎలాగో నేర్చుకున్నాను. ఇప్పుడు లేవడం రావడం లేదే."

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఈ మనిషిని ఎన్నో ఏళ్ళు తిట్టాను, విసుక్కున్నాను. ఈయన కాలు నిలవదని మా బంధువులందరికీ చెప్పుకున్నాను. ఆ నిలవని కాలే ఈయన అని నాకు అప్పుడు తెలిసింది. దాన్ని నేనే విరగ్గొట్టి, పైగా పరదాలు కుట్టుకున్నాను.

మర్నాడు అన్నయ్య షిఫ్టు దిగే వేళకి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన ఉద్యోగం మానేస్తాడని, బస్టాపు పక్కన గదిలో తాళాల కొట్టు పెడతామని చెప్పాను. అన్నయ్య సాక్సులు విప్పుతూ అలాగే ఆగిపోయాడు. కోప్పడలేదు. ఏడాది నిండేదాకా ఓపిక పట్టమని మాత్రం అన్నాడు. ఏడాది అయితే తన మాట పోదు, వదిన తమ్ముడు వచ్చి చేరిపోతాడు, తరవాత ఏ కొట్టైనా పెట్టుకోవచ్చు. ఆ మాటలో తప్పేమీ లేదు. నేను వాడి స్థానంలో ఉంటే నేనూ అదే అడుగుదును.

"ఏడాది తరవాత పెట్టమన్నా ఆయన పెట్టడు అన్నయ్యా. అప్పటికి లేచే మనిషి మిగలడు" అన్నాను.

వదిన లేచి లోపలికి వెళ్ళింది. లోపల ఫోనులో వాళ్ళ తమ్ముడితో మాట్లాడటం వినిపించింది. అన్నయ్య ఆ తలుపు వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"అంతగా అయితే రేవు పట్నం వెళ్ళిపోండి. అక్కడ అందరూ పెట్టుకుంటారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ వద్దు. రోజూ ఫ్యాక్టరీకి పోయే దారిలో, అందరి కళ్ళ ముందు, నా వల్ల కాదు" అన్నాడు.

నాకూ కోపం వచ్చింది. ఆ కోపంలోనే నిజం చెప్పేశాను. "నువ్వు రమ్మంటే వచ్చాను. పొమ్మంటే మాత్రం పోను. నీకు దగ్గరగా ఉండాలనే ఇంత దూరం వచ్చాను."

నన్ను పంపడానికి గుమ్మం దాకా రావడం అన్నయ్య అలవాటు. ఆ రోజు రాలేదు.

కొట్టు తెరిచిన రోజు మా ఆయన సూర్యుడికంటే ముందు లేచాడు. షట్టరెత్తిన కాసేపటికే కాలుగాలిన పిల్లిలా లోపలికీ బయటికీ తిరగడం మొదలుపెట్టాడు. బోర్డు వంకరగా ఉందని ఒకసారి, బల్ల వెలుతురుకి అడ్డంగా ఉందని ఒకసారి సర్దాడు. ఎదురు బట్టల షాపు తలుపు కీచుమంటోందని, వాళ్ళు అడక్కుండానే వెళ్ళి నూనె వేసి వచ్చాడు. కూర్చోండి అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మొదట ఒక బస్సు డ్రైవరు వచ్చాడు, ఇంటి తాళంచెవికి మారుది కావాలని. తరవాత కింది వాటా పెద్దావిడ తన స్నేహితురాలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఒక పంతులమ్మ బీరువా తాళం తెచ్చింది. ఆయన గబగబా మాట్లాడుతూ, నవ్విస్తూ, చేతులు ఆడిస్తూ పని చేస్తుంటే నేను టార్చి పట్టుకుని పక్కన నిలబడ్డాను. ఇనప పొట్టు వాసన గదంతా నిండింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

మనవాళ్ళెవరూ రాలేదు. రారని తెలుసు. సాయంత్రం సైరను మోగింది. నేను ఫ్లాస్కులో టీ పోసి పెట్టుకుని గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. షిఫ్టు దిగినవాళ్ళు గుంపులు గుంపులుగా వస్తున్నారు. కొందరు బోర్డు చదివారు, కొందరు నన్ను చూసి మొహమాటంగా నవ్వారు. ఒకడు "పాపం" అన్నాడో లేదో తెలీదు, అన్నట్టు పెదవులు కదిలాయి. గుంపు పలచబడ్డాక అన్నయ్య కనిపించాడు. రోజూ ఇటు వైపే నడిచే మనిషి రోడ్డు దాటి అటు వైపుకి మారాడు. క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. అన్నయ్యా అని పిలుద్దామనుకున్నాను, బస్సు అడ్డం వచ్చింది. బస్సు కదిలేసరికి మలుపు తిరిగిపోయాడు.

లోపల మా ఆయన పొట్టు ఊడుస్తూ, డ్రైవరు ఏమన్నాడో, పంతులమ్మ ఏమందో, రేపు ఎవరెవరు వస్తామన్నారో ఆగకుండా చెబుతున్నాడు. వచ్చినవాళ్ళందరూ ఆయన కోసం వచ్చారు. నా కోసం రావాల్సింది ఒక్కడే, వాడు రాలేదు.